దేవుని నేల ఆరాధించుచున్నాము?

సముద్రమున చెంబెడు నీళ్లు పోసినచో సముద్రము పెరుగునా? అట్లే మన స్తోత్రములవలన దేవుని మహిమ పెరుగదు. ఐనను క్రైస్తవ కుటుంబములలో పుట్టిన మేము ప్రతి ఆదివారమును మందిరమునకు పోవుచున్నాము. ఎందుకని తోడి విద్యార్థులు అడిగినపుడు అలవాటని చెప్పి తప్పించుకొనుట తగదు. కారణ మెరిగి చేయు పనియే నిలుచును.

మొదటి కారణము కృతజ్ఞత. గాలి, వెలుగు, వాన, తల్లి ఒడి, వీనిలో ఏదియు మేము సంపాదించినది కాదు. ఇచ్చినవానికి నమస్కరింపక అనుభవించుట మర్యాద గాదు.

రెండవది ప్రేమ. దేవుడు క్రీస్తునందు మానవుడై, వడ్రంగి యింట పెరిగి, శిష్యుల పాదములు కడిగి, సిలువపై ప్రాణ మర్పించెనని మా విశ్వాసము. ఆ ప్రేమకు మే మిచ్చు బదులే ఆరాధన.

"తాతగారి కొరకు ఎంతయో ప్రార్థించితిమి. ఆయన బ్రతుకలేదు. ఇంక ఆరాధన యెందుకు?" అని మాలో నొక చిన్నవాడు అడిగినాడు. అట్టి ప్రశ్నను గద్దించి అణచరాదు. లాజరు సమాధియొద్ద యేసు సైతము కన్నీరు విడిచెను గనుక, దుఃఖించుట అవిశ్వాసము గాదు. పంటలు చెడినను, కొట్టములో పశువులు లేకున్నను దేవునియందే ఆనందింతునని హబక్కూకు ప్రవక్త పాడెను. కోరినది దొరకిననే కొలుతుననుట వర్తకుని బేరము. దొరకకున్నను తండ్రి చేయి విడువకుండుట బిడ్డ నమ్మకము.

మూడవది, ఆరాధన మమ్ము సరిదిద్దును. కానుక తెచ్చినవాడు సహోదరునితో తనకు విరోధమున్నదని జ్ఞప్తికి వచ్చినచో, కానుకను బలిపీఠము నెదుటనే విడిచి, ముందుగా పోయి సమాధానపడవలెనని క్రీస్తు బోధించెను. ఇంట తగవు నుంచుకొని మందిరమున గొంతెత్తి పాడిన ప్రయోజన మేమి?

ఒడిశాలో నివసించు తెలుగువారమగు మాకు మరియొక కారణమును గలదు. పెంతెకొస్తు దినమున నానాదేశములవారు తమ తమ భాషలలోనే దేవుని గొప్పకార్యములను వినిరి. ఆయనకు పెద్ద భాష, చిన్న భాష యను భేదము లేదు. 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారి తెలుగు కీర్తనలు నేటికిని పాడబడుచున్నవి. బజారున ఒడియా మాటాడు మా పిల్లలు, ప్రార్థనవేళ అమ్మ పలుకులతోనే దేవుని పిలుచుచున్నారు.

బాలబాలికలారా! ఏ మతమువారమైనను, మ్రొక్కు ముందు ఎందుకు మ్రొక్కుచున్నామో ఎరుగుదము. మ్రొక్కిన పిమ్మట పొరుగువానియెడల ఆ మ్రొక్కునకు తగినట్లు నడచుకొందము.