మావయ్య మాత్ర సంగతి

శ్రీముఖలింగం

బావా,

అత్త ఫోన్లో సగం చెప్పి ఏడ్చేసిందట. పోర్ట్‌బ్లెయిర్‌లో కూర్చుని నువ్వు లేనిపోనివి ఊహించుకుంటావని తీరిగ్గా రాస్తున్నాను.

మావయ్య తిరుగుతున్నాడు. వారానికి మూడుసార్లు శ్రీకాకుళం వెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటున్నాడు. గొడవల్లా గుండెది. లయ తప్పి కొట్టుకుంటోందని ఈసీజీలో తేలింది. అలాంటి గుండెలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకెళ్తే పక్షవాతం. అందుకని ఒక డాక్టరు రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ రాశాడు. ఇంకొకాయన చూసి, డయాలసిస్ మనిషికి ఇదెందుకయ్యా అన్నాడు. ఇంట్లోవాళ్ళకి ఏటి చెయ్యాలో తోచలేదు.

మందుల షాపులో ఇన్నేళ్ళు కూర్చున్నవాడిగా చెప్తున్నా, ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. కిడ్నీ పోయినవాళ్ళకి రక్తం గడ్డకట్టే భయమూ ఎక్కువే, కారే భయమూ ఎక్కువే. వాళ్ళ ప్లేట్‌లెట్లు సరిగా పనిచెయ్యవు. పైగా మిషన్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తారు. మొన్న నేనూ వెంట వెళ్ళాను. సూదులు తీశాక ఫిస్టులా మీద దూది పెట్టి నొక్కిపట్టుకున్నాను. పక్క మంచమాయన చొక్కా తొడుక్కుని, కిందకెళ్ళి టీ తాగి వచ్చినా నా వేలికింద తడి ఆరలేదు. మాత్రకి ముందు ఇంతసేపు పట్టేది కాదు.

వార్ఫరిన్ వేస్తే, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ లెక్క 2కీ 3కీ మధ్య ఉండాలి. డయాలసిస్ వాళ్ళలో అది నిలకడగా ఉండదు. రక్తనాళాల్లో సున్నం పేరుకోడానికీ వార్ఫరిన్ తోడవుతుందని అనుమానం. ఇదే పని చేసే కొత్త మందుల్లో డాబిగాట్రాన్ 80 శాతం కిడ్నీల గుండానే పోతుంది, దాని జోలికే వద్దు. అపిక్సబాన్ అయితే పావువంతే. కానీ దానికి పేరు తెచ్చిన 2011 నాటి పెద్ద పరిశోధనలో క్రియాటినిన్ 2.5 దాటినవాళ్ళని చేర్చుకోనేలేదు! తరవాత డయాలసిస్ వాళ్ళ మీద అమెరికాలో 154 మందితో, జర్మనీలో 97 మందితో చూశారు. అంత కొద్దిమందితో ఏం తేలుతుంది? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు కదా. ఉద్దానం కిడ్నీ జబ్బు మూలం వెతుకుతూనే ఈ మాత్ర లెక్క కూడా చూస్తే బాగుణ్ణు.

మనం ముందు తేల్చుకోవాల్సింది కవాటం సంగతి. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరంతో మైట్రల్ కవాటం సన్నబడ్డవాళ్ళు మనవైపు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్ళకి కొత్త మందు రివరాక్సబాన్ కన్నా వార్ఫరిన్ జాతి పాత మందే మేలని 2022లో, 24 దేశాల్లో నాలుగున్నర వేలమందిని చూసి చెప్పారు. మావయ్యదీ అదే అయితే కొత్త మాత్రల మాట ఎత్తక్కర్లేదు. కవాటం బాగుంటే అపిక్సబానా, అసలేమీ వద్దా అన్నది గుండె డాక్టరూ కిడ్నీ డాక్టరూ మాట్లాడుకోవాలి. ఇప్పుడైతే ఒకరి చీటీ ఒకరు చూడరు.

నువ్వు ఫోన్ చేసి మాత్ర మానెయ్యమనకు. కసరాలనుంటే వేరేవాటికి కసురు. దొంగచాటుగా కొబ్బరినీళ్ళు తాగుతున్నాడు, ఆ పొటాషియం గుండెకే ముప్పు. చక్రతీర్థానికి వంశధారలో దిగుతానని పట్టుబడుతున్నాడు. ఆ తోపులాటలో పడి తలకి దెబ్బ తగిలితే, ఈ మాత్ర మీద ఉన్న మనిషిని ఏటి చెయ్యగలం?

కవాటం సంగతి ఎకోలో తెలుస్తుంది. ఎప్పుడో విశాఖలో తీయించిన ఆ కాగితం నీ ట్రంకుపెట్టెలో ఉందని అత్త అంటోంది. వెతికి ఫోటో పంపు. దొరక్కపోతే వచ్చే వారమే కొత్తది తీయించేస్తాను.

నీ
బావ