బత్షెబ మేడ మీద లేదు

నవంబరు 30

డిసెంబరు దగ్గర పడింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయం మళ్లీ తీశాను. వరసగా మగవాళ్ల పేర్లే వచ్చే ఆ వంశావళిలో ఐదుగురు స్త్రీలు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, యేసు తల్లి మరియ. నాలుగో ఆమె బత్షెబ, మత్తయి ఆమె పేరు రాయలేదు.

ప్రసంగాల్లో ఈ భాగాన్ని చాలామంది గబగబా దాటేస్తారు. అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సీన్ రివర్స్ అక్కడే ఆగారు. 2000, 2001 సంవత్సరాల్లో ఈ ఐదుగురి మీద ఐదు చిన్న నవలలు రాశారు. అంతకు ముందే, 1991లో, ప్రవక్త హోషేయ, అతని భార్య గోమెరుల కథను 1850ల నాటి కాలిఫోర్నియాలో, బంగారం వేటకు జనం ఎగబడిన రోజుల్లోకి తీసుకెళ్లి 'రిడీమింగ్ లవ్' రాసిన మనిషి ఆవిడ. ఇంగ్లీషు క్రైస్తవ నవల గురించి మాట్లాడేవాళ్లు ఆ పుస్తకాన్ని తలవకుండా ఉండరు.

నాకు మాత్రం ఆ ఐదింటిలో తామారు కథే ముఖ్యం. ఇద్దరు భర్తలు పోయారు. వాళ్ల తమ్ముడు పెద్దవాడయ్యేదాకా పుట్టింట్లో ఉండమని మామ యూదా పంపేశాడు. పిలుస్తానన్నాడు, పిలవలేదు. ఆదికాండం ఆ ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తుంది. నవల ఉండాల్సింది సరిగ్గా ఆ ఏళ్లలో. పుట్టింట్లో విధవరాలిగా పొద్దున్నే లేచి ఎవరి ముఖం చూస్తుంది, పండగ రోజున ఎక్కడ కూర్చుంటుంది, తమ్ముడి భార్య ఏమంటుంది? ఇవన్నీ మన ఇళ్లలో చూసినవే.

డిసెంబరు 3

సమూయేలు రెండో గ్రంథం పదకొండో అధ్యాయం పక్కన పెట్టుకుని బత్షెబ నవలలు చదువుతున్నాను. జిల్ ఐలీన్ స్మిత్ నవల 2011లో వచ్చింది. దావీదు భార్యల మీద ఆవిడ రాసిన మూడింటిలో అది చివరిది. మీకాలు, అబీగయీలు ముందు వచ్చారు.

బత్షెబ అనగానే అందరి మనసులోనూ ఒకటే బొమ్మ. మేడ మీద స్నానం చేస్తున్న అందగత్తె. గ్రంథంలో ఆ బొమ్మ లేదు. మేడ మీద ఉన్నది దావీదు. పొద్దుగూకే వేళ పడక మీంచి లేచి నగరు మిద్దె మీద తిరుగుతూ పైనుంచి చూశాడు. ఆమె ఎక్కడ స్నానం చేస్తోందో వాక్యం చెప్పదు. సొంత ఇంటి లోగిలిలోనే కావచ్చు. అది శుద్ధి స్నానమని తర్వాత తెలుస్తుంది, అంటే ధర్మశాస్త్రం చెయ్యమన్న పనే చేస్తోంది. భర్త యుద్ధంలో ఉన్నాడు. రాజు మనుషులు గుమ్మంలోకి వచ్చారు. ఆ అధ్యాయం మొత్తంలో ఆమె పంపిన కబురు ఒక్కటే, కడుపుతో ఉన్నానని.

ఇక్కడికి రాగానే కాల్పనిక రచయితలకు ప్రేమ కావాలనిపిస్తుంది. ఆమె మనసులో కూడా ఏదో ఉందన్నట్టు రాస్తే చదివేవాళ్లకు ఊరట. దావీదు మీద కోపం లేకుండా కీర్తనలు పాడుకోవచ్చు. ఆ ఊరట నాకు వద్దు. నాతాను ప్రవక్త రాజు ముందు చెప్పిన కథలో గొర్రెపిల్ల తప్పు ఏమీ లేదు. పేదవాడి ఇంట్లో బిడ్డలా పెరిగిన పిల్లను ధనవంతుడు పట్టుకుపోయి కోయించాడు. ప్రవక్త వేలు చూపింది రాజు వైపు. నవల ప్రేమకథగా మారిన మరుక్షణం ఆ నిందలో సగం ఆమె మీదికి జరుగుతుంది. భక్తి పేరుతో ఆ పని జరగడం నన్ను బాధిస్తుంది.

డిసెంబరు 4

నిన్నటి దానికి కలుపు: రాజుల మొదటి గ్రంథంలో బత్షెబ నోరు విప్పుతుంది. ముసలి దావీదు గదిలోకి వెళ్లి, సొలొమోనుకు ఇస్తానన్న సింహాసనం సంగతి గుర్తు చేస్తుంది. తర్వాత రాజైన కొడుకు ఆమెను చూసి లేచి, వంగి నమస్కరించి, తన కుడి పక్కన ఆసనం వేయిస్తాడు. మొదటి బిడ్డను పోగొట్టుకున్న ఆ ఇంట్లోనే ఇన్నేళ్లు బతికి ఆ కుర్చీ దాకా ఎలా వచ్చింది? నాకు ఆ మధ్య కాలపు నవల కావాలి.

డిసెంబరు 9

రిబ్కా. ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయాన్ని ఎప్పుడూ పెళ్లిచూపుల కథగానే చెబుతారు. అబ్రాహాము తన కొడుక్కి పిల్లను చూడమని పంపిన సేవకుడి వెంట పది ఒంటెలు ఉన్నాయి. వాటన్నిటికీ రిబ్కాయే నీళ్లు తోడింది. ఎడారి దాటి వచ్చిన ఒంటె దప్పికతో ఉంటే వంద లీటర్ల దాకా తాగగలదు. పది ఒంటెలకు వెయ్యి లీటర్లు అనుకుందాం. ఆమె ఊట దగ్గరికి కిందికి దిగి కడవ నింపుకుని పైకి వచ్చిందని స్పష్టంగా ఉంది. కడవకు పదిహేను లీటర్లు వేసినా అరవై ఐదు సార్లకు పైగా దిగి ఎక్కాలి. అదీ పొద్దు వాలే వేళ. ఆ మనిషి మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాడు.

ఒంటెలు తాగినంత తాగకపోయినా సగం లెక్క చాలు, భుజం ఎలా ఉంటుందో తెలియడానికి. కాలవ గట్టు నుంచి బిందెలు మోసిన మన ఆడవాళ్లకు ఈ అధ్యాయం వేరుగా వినబడాలి. నవలల్లో ఆమె ముక్కుకమ్మి, కడియాల వర్ణన పేజీలకు పేజీలు నడుస్తుంది, కడవ మాత్రం రెండు వాక్యాల్లో అయిపోతుంది.

డిసెంబరు 13

వాక్యంలో లేనివి కల్పించి రాయవచ్చా అని స్త్రీల కూడికలో ఒకావిడ అడిగింది. భయభక్తులతో అడిగిన ప్రశ్న, తేలిగ్గా తీసెయ్యకూడదు.

ఈ పని కొత్తదేమీ కాదని చెప్పాను. యోసేపు ఐగుప్తులో పెళ్లాడిన ఆసెనతు పేరు ఆదికాండంలో మూడే చోట్ల వస్తుంది. ప్రాచీన కాలంలోనే ఎవరో గ్రీకులో ఆమె మీద ఒక పూర్తి కథ రాశారు. విగ్రహాలు వదిలి, ఉపవాసం ఉండి, యోసేపు దేవుణ్ణి వెతుక్కున్న పిల్లగా. ఎస్తేరు గ్రంథం హెబ్రీ ప్రతిలో దేవుని పేరే లేదు, గ్రీకు ప్రతిలో ఎస్తేరు చేసిన పెద్ద ప్రార్థన చేరింది. మరియ తల్లిదండ్రులు అన్న, యోవాకీము అన్న సంగతి సువార్తల్లో లేదు. రెండో శతాబ్దపు 'యాకోబు ఆది సువార్త' నుంచి వచ్చింది. నాలుగో శతాబ్దంలో సిరియా భక్తుడు ఎఫ్రేము క్రీస్తు జన్మ మీద రాసిన పాటల్లో తామారును, రాహాబును, రూతును పక్కపక్కన నిలబెట్టాడు.

అంటే విశ్వాసులు ఎప్పుడూ ఈ మౌనాల దగ్గర ఆగి అడుగుతూనే వచ్చారు. కల్పించినదాన్ని వాక్యమని చెప్పకపోతే చాలు. ఈ మాటకు ఆవిడ తల ఊపింది, ఒప్పుకుందో లేదో తెలియదు.

డిసెంబరు 18

అనితా డయమంట్ 'ది రెడ్ టెంట్' (1997). రాసింది యూదు రచయిత్రి, దీన్ని క్రైస్తవ నవల అనకూడదు. అయినా తర్వాత వచ్చిన ఎన్నో పుస్తకాలకు దారి చూపింది. యాకోబు కూతురు దీనా తన కథ తానే చెబుతుంది. ఆదికాండం ముప్పై నాలుగులో దీనా ఒక్క మాట మాట్లాడదు. ఆమె పేరున అన్నలు ఊళ్లోని మగవాళ్లందరినీ నరికేశారు.

ఈ నవలలో ముట్టయిన ఆడవాళ్లందరూ చేరే గుడారం విశ్రాంతి చోటు, కథలు చెప్పుకునే చోటు. అది రచయిత్రి కల్పన. మంత్రసానుల పని, పురుళ్లు, తల్లుల మధ్య ఈసడింపులు బాగా రాశారు. కానీ ఆ గుడారాన్ని అంత హాయిగా చదవలేకపోయాను. మన దగ్గర 'బయట ఉండటం' అంటే వేరే చాప, వేరే కంచం, పెరటి వైపు మూల. అక్కడ కూడా ఆడవాళ్లు నవ్వుకుని ఉంటారు. రెండూ ఒకే పేజీలో రాసేవాళ్లు కావాలి.

ఆదికాండంలో దీనాను చెరిచిన షెకెము మీద ఆమెకు ప్రేమ అన్న మలుపు ఇక్కడా ఉంది. మళ్లీ అదే ఊరట.

డిసెంబరు 24

ఇవాళ పని ఎక్కువ. ఒక్కటే రాసి పెడతాను. మరియ నజరేతు నుంచి యూదయ కొండసీమకు, బంధువు ఎలీసబెతు ఇంటికి త్వరగా వెళ్లిందని లూకా రాశాడు. వంద కిలోమీటర్లకు పైగా దారి. ఎవరితో వెళ్లిందో చెప్పలేదు.

జనవరి 2

మగ్దలేనే మరియ నవలల్లో చాలావాటిలో ఆమె వేశ్యే. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆ మాట లేదు. ఏడు దయ్యాలు వదిలాయని, తన ఆస్తితో యేసుకు ఉపచారం చేసిన స్త్రీలలో ఉందని లూకా ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. 591లో పోపు మహా గ్రెగొరీ ఒక ప్రసంగంలో ఆమెనూ, యేసు పాదాలు కన్నీళ్లతో తడిపిన పేరులేని పాపాత్మురాలినీ ఒకరే చేశాడు. రోమన్ కతోలిక సంఘం 1969లో పంచాంగం సవరించినప్పుడు ఆ కలగలుపును వదిలేసింది. 2016లో పోపు ఫ్రాన్సిస్ ఆమె స్మరణ దినాన్ని అపొస్తలుల పండుగల స్థాయికి పెంచారు. కథలు రాసేవాళ్లు మాత్రం ఇంకా 591లోనే ఉన్నారు. సొంత డబ్బు ఉన్న స్త్రీ, జబ్బు నుంచి లేచిన స్త్రీ, పునరుత్థానానికి మొదటి సాక్షి. ఇందులో కథ చాలదా?

జనవరి 8

కోతలు అయ్యాయి. పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. రూతు నవల చేతిలో చూసి, "ఏం చదువుతున్నావమ్మా?" అంది. చెప్పాను.

"రూతు పరిగె ఏరింది కదా. నేనూ ఏరాను, నా పెళ్లికి ముందు. కుప్ప ఎత్తాక చేలో దిగేవాళ్లం. ఇప్పుడు మిషన్లు కోస్తున్నాయి, వెన్నులు ఏం మిగులుతాయి?"

"భయమేసేదా పిన్నీ?"

"ఒంటరిగా వెళ్లనిచ్చేది కాదు అమ్మ. నలుగురం కలిసి వెళ్లేవాళ్లం. ఆసామి మంచోడైతే ఏమనడు. పాలేళ్ల సంగతి ఎవరికి తెలుసు?"

ఇంటికొచ్చి రూతు రెండో అధ్యాయం తీశాను. చేని ఆసామి బోయజు ఆమెను ముట్టవద్దని పనివాళ్లకు ఆజ్ఞ ఇచ్చానంటాడు. వేరే చేనులోకి వెళితే హాని జరుగుతుందేమోనని అత్త నయోమి కూడా భయపడుతుంది. ఇన్నేళ్లుగా వింటున్న ప్రసంగాల్లో రూతు అణకువగల కోడలు, నవలల్లో సాయంత్రపు వెలుగులో యవల చేనులో నిలబడ్డ కథానాయిక. పిన్నికి మాత్రం మొదట కనబడింది ప్రమాదం. పరదేశి ఆడది, పేదది, విధవ, ఒక్కతే. పరిగె పేదవాళ్లకూ పరదేశులకూ వదిలెయ్యాలని లేవీయకాండంలో చట్టం ఉంది. చట్టం ఉన్నా పొలంలో భయం పోలేదు.

వోల్గా 'విముక్త' కథలకు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సీత వెళ్లి శూర్పణఖతో, అహల్యతో మాట్లాడటం మన పాఠకులకు బాగా పట్టింది. రూతును కూడా అలా తెలుగులో, డెల్టా పొలాల్లో వెన్నులు ఏరిన చేతులు తెలిసినవాళ్లు రాస్తే! ఏ ఇంగ్లీషు నవలకూ అందని కథ అవుతుంది.

జనవరి 11

రిస్పా గురించి ఇవాళ మొత్తం కూర్చున్నాను.

దావీదుకు ముందు రాజైన సౌలు ఉపపత్ని. సౌలు చంపించిన గిబియోనీయుల పగ తీర్చడానికి దావీదు ఆమె ఇద్దరు కొడుకులనూ, సౌలు మనవలు ఐదుగురినీ అప్పగించాడు. కొండ మీద ఉరితీశారు. పాతిపెట్టలేదు. ఆమె గోనెపట్ట పరచుకుని బండ మీద కూర్చుంది. యవల కోత మొదలైనప్పటి నుంచి వాన పడేదాకా. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్‌లో, తొలి వానలు అక్టోబరు ప్రాంతంలో. పగలు పక్షులనూ రాత్రి మృగాలనూ ఆ శవాల మీదికి రానివ్వలేదు.

ఆమె ఒక్క మాట అన్నట్టు లేదు. సంగతి రాజుకు తెలిసింది. దావీదు కదిలి, సౌలు ఎముకలు, అతని కొడుకు యోనాతాను ఎముకలు తెప్పించి, ఉరితీసినవాళ్ల ఎముకలు కూడా పోగు చేయించాడు. రాజు చేత ఆ పని చేయించింది ఆమె కూర్చున్న తీరు.

దీన్ని ప్రేమకథ చేయడం ఎవరి వల్లా కాదు. ఏం తింది, ఎవరు నీళ్లు తెచ్చి ఇచ్చారు, నిద్ర వచ్చినప్పుడు ఎవరు కాపలా కాశారు, ఎండాకాలం వాసన ఎలా భరించింది? ఈ ప్రశ్నలకు జవాబు రాయగలిగితే చాలు, ఆమె నోట ఒక్క మాటా పెట్టనక్కర్లేదు. ఇలాంటి పుస్తకం రాసే మనిషి కోసం నిజంగా ప్రార్థన చేస్తాను.

జనవరి 16

న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయం. తేబేసు గోపురం మీంచి తిరగలి పైరాయి విసిరి, ఆ గోపురాన్ని ముట్టడించిన అబీమెలెకు తల పగలగొట్టిన స్త్రీ. ఆడది చంపిందనే పేరు రాకుండా తనను పొడిచెయ్యమని అతను బంటును అడిగాడు. పేరు దక్కింది అతనికే, ఆమె పేరు లేదు. ప్రాణాలు చేతపట్టుకుని గోపురం ఎక్కేటప్పుడు కూడా ఆ రాయి వెంట తీసుకెళ్లి ఉంటుంది.

జనవరి 20

ఓర్పా. రూతు తోడికోడలు. నయోమిని ముద్దు పెట్టుకుని మోయాబుకు తిరిగి వెళ్లిపోయింది. తాల్ముదులో ఆమెను గొల్యాతుకు తల్లిని చేశారు. మన ప్రసంగాల్లో ఆమె వెనక్కి తిరిగినవాళ్లకు ఉదాహరణ.

గ్రంథంలో ఉన్నది ఇది: అత్తే, పుట్టింటికి వెళ్లండి, మళ్లీ పెళ్లి చేసుకోండి అని ఇద్దరినీ అడిగింది. ఓర్పా మొదట వెళ్లనంది, ఏడ్చింది. రెండోసారి అడిగితే విన్నది. అత్త ఆశీర్వాదంతోనే వెళ్లింది. ఓర్పా నవలలో మొదటి పేజీ పుట్టింటి గుమ్మం దగ్గర మొదలవ్వాలి. భర్త పోయిన కూతురు పదేళ్ల తర్వాత వస్తోంది. తలుపు ఎవరు తీశారు, ఏమన్నారు?