పద్దెనిమిది నిండాక మొదలయ్యే ఖర్చు

హైదరాబాద్‌లో మాకు తెలిసిన పిల్లల ఆశ్రమంలో ఆదివారం భోజనం పెట్టాలంటే చాలా ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల తద్దినాలు... డైరీ నిండిపోయి ఉంటుంది. మేమూ ఏళ్ల తరబడి ఆ వరుసలో ఉన్నవాళ్లమే. అమ్మ తిథికి ఒక పూట, మా అబ్బాయి పుట్టినరోజుకు ఒక పూట, మొత్తం ఏడాదికి 24 వేల దాకా అయ్యేది. ఆ డబ్బునే ఇప్పుడు ఆశ్రమం వదిలి వెళ్లే పిల్లలకు పెడుతున్నాం. ఇంట్లో కాస్త రభసే అయింది. ‘అమ్మ పేరున అన్నం పెట్టకపోతే ఎట్లాగే?’ అంది అక్క. ‘ఆ పిల్లలు తినేదీ అన్నమేగా, కాకపోతే హాస్టల్లో తింటారు’ అన్నాను. అక్క ఒప్పుకోలేదు గానీ ఊరుకుంది.

చిన్నపిల్లలకు కేకు పట్టుకొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. మూతిమీద మీసం మొలిచినవాడికీ, ఇంటర్ అయిపోయిన అమ్మాయికీ ఎవరూ ఏమీ తేరు. చట్టం ప్రకారం ఆశ్రమంలో ఉండేది పద్దెనిమిదేళ్లు నిండేదాకానే. ఆ తర్వాత సాయం చేయడానికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ వీలు కల్పించింది. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల చొప్పున 21 ఏళ్లు వచ్చేదాకా, అవసరమైతే 23 దాకా ఇవ్వవచ్చు. దానికి జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని కలవాలి, కాగితాలు పెట్టుకోవాలి. ఇలాంటిదొకటి ఉందని తెలియని పిల్లలకు ఆ సంగతి చెప్పడమే సగం సాయం. అయితే మంజూరు ఎప్పుడొచ్చినా హాస్టల్ ఆవిడ మాత్రం ఒకటో తారీఖునే అడుగుతుంది.

మేం మొదట చేయందించిన అమ్మాయి ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో నెలకు 13 వేల జీతానికి కుదిరింది. ‘ఉద్యోగం వచ్చేసిందిగా, ఇంకేం కావాలి?’ అన్నారు మావారు. నేను మా అబ్బాయి మొదటి ఉద్యోగం రోజులు గుర్తు చేశాను. వాడికి అప్పట్లో ఎంత పెట్టామో మేం లెక్క రాసుకోలేదు. కన్నపిల్లల ఖర్చు ఎవరు రాసుకుంటారు? ఈ అమ్మాయి కోసం ఇద్దరం కూర్చుని కాగితం మీద వేశాం. హాస్టల్ అడ్వాన్సు 3,000. నెలకు 6,500 చొప్పున రెండు నెలల ఫీజు 13,000. ఈ నెల జీతం వచ్చే నెల ఏడో తారీఖున గానీ చేతికి రాదు కనుక రెండు నెలలు తప్పదు. పరుపు, బకెట్టు, డ్యూటీకి రెండు జతల బట్టలు, చెప్పులు కలిపి 6,000. చేతి ఖర్చుకు 4,000. మొత్తం 26 వేలు. బస్సు ఖర్చు వేసుకోలేదు, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచితమే కదా. అంటే మా రెండు పూటల భోజనాల డబ్బుకు ఇంకో రెండు వేలు కలిపితే సరిపోయింది.

డబ్బు పంపుదామంటే ఆమె ఖాతా పనిచేయడం లేదు. మైనర్‌గా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా. పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇస్తేనే మళ్లీ నడుస్తుంది. పుట్టినరోజు దగ్గర పడుతున్న పిల్లలు ఎవరైనా మీకు తెలిస్తే ముందు ఈ పని చేయించండి.

పన్ను సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నేరుగా ఒక మనిషికి ఇచ్చినదానికి 80జీ మినహాయింపు రాదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో అందింది 50 వేలు దాటితే ఆ మొత్తమంతా పుచ్చుకున్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది. ఆ అమ్మాయి జీతానికి పన్ను పడదు కాబట్టి మాకు బెంగ లేకపోయింది. అయినా ఆ గీత దాటకుండానే ఇచ్చాం.

మేం ఎన్నడూ ఆలోచించనిది నామినీ సంగతి. పీఎఫ్ ఫారంలో, బ్యాంకులో, ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమాలో కూడా ఆ గడి ఉంటుంది. ‘మేడమ్, మీ పేరు రాసుకోనా?’ అని అడిగింది. వద్దన్నాను. సాయం చేసినవాళ్ల పేరు అక్కడ చేరితే ఆ పిల్ల మాకేదో బాకీ పడ్డట్టు ఉంటుందనిపించింది. ఆశ్రమంలో తనతోపాటు పెరిగి, ఇప్పుడు కరీంనగర్‌లో నర్సుగా చేస్తున్న అమ్మాయి పేరు రాసింది. కుటుంబం లేనివాళ్లు పీఎఫ్‌కు ఎవరినైనా నామినీగా పెట్టుకోవచ్చు. పెళ్లయితే మాత్రం ఆ నామినేషన్ చెల్లదు, కొత్తగా రాయాలి. ఈ మాట చెబితే సిగ్గుపడి నవ్వింది.

అప్పుకు జామీను సంతకం మాత్రం పెట్టకూడదని ముందే అనుకున్నాం. స్కూటీ లోన్‌కు అడిగినప్పుడు అదే చెప్పాను. ఆమె వాయిదా తప్పితే బాకీ మా మీదికొస్తుంది, మా సిబిల్ కూడా పడిపోతుంది. రిటైర్మెంట్‌కు దగ్గరైనవాళ్లం, మా హద్దు మేం చూసుకోవాలి. దానికి బదులు ఆమె పేరునే 15 వేలు ఫిక్స్‌డ్ వేయించి, దాని మీద క్రెడిట్ కార్డు ఇప్పించాం. ఫోన్ రీచార్జి లాంటి చిన్న ఖర్చులు దాంతో చేసి గడువులోగా కట్టేస్తే తన పేరున తనకే పరపతి పుడుతుంది.

ఇచ్చిందానికి లెక్క చెప్పమని అడగాలన్నారు మావారు. అడగొద్దన్నాను నేను. ఇప్పటికీ అడగలేదు. ఆమె మాత్రం హాస్టల్ అడ్వాన్సు డబ్బు నెలకు 500 చొప్పున ఫోన్‌పేలో తిరిగి పంపింది. పుచ్చుకున్నాం. వద్దంటే చిన్నబుచ్చుకునేది.

ఈ జూన్‌లో ఇంకో అబ్బాయి బయటికి వస్తున్నాడు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. హాస్టల్ కూడా దొరికింది కాబట్టి అతని ఖర్చు తక్కువే అనుకున్నాం. దసరా, సంక్రాంతి సెలవులకు హాస్టల్ మూసేస్తారని తర్వాత తెలిసింది. అందరూ ఊళ్లకు పోతారు, ఇతనెక్కడికి పోవాలి? ఆ రోజులకు ఏదైనా పీజీలో ఎంతవుతుందో కనుక్కుంటున్నాను. పై గది ఖాళీగానే ఉంది కదా, అద్దె ఎందుకు అంటున్నారు మావారు. ఆ కుర్రాడు ఇంకా మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. ఏది నయమో అతన్నే అడగాలి.