కొత్తగూడ గాలి బురుజుల నుంచి బూరుగుపల్లి గుడి దాకా

హైటెక్ సిటీలో నిలువెల్లా అద్దం తొడుక్కోని ఆఫీసు ఒకటి చూపించమంటే కాసేపు తల గోక్కోవాలి. కొత్తగూడ దగ్గర ఉంది ఒకటి. దాని పక్కనుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు, లోపలికి తొంగి చూసేవాళ్లు తక్కువ. పేరు సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వాళ్ల లీడ్ రేటింగ్‌లో 69కి 56 పాయింట్లు తెచ్చుకుని ప్లాటినం కొట్టింది. అమెరికా బయట ఆ మెట్టెక్కిన మొదటి భవనం ఇదే. ఇప్పుడు మనం చూస్తున్న టవర్లలో చాలావాటికి అప్పటికి పునాది కూడా పడలేదు.

నేను వెళ్లింది రీల్ చేయడానికి కాదు. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో అమ్మానాన్న ఉంటున్న పెంకుటిల్లు ప్రతి వానకూ కురుస్తోంది. దసరా తర్వాత కొత్త ఇల్లు మొదలుపెట్టాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. కట్టేది మా మేనమామ. ముప్పై ఏళ్లుగా సుతారి పనిలో ఉన్నాడు. ఈఎంఐ కట్టేది నేను. రేపు అప్పు తీరే దాకా ఆ ఇల్లు ఎండకు కాలిపోకుండా ఉండాలి కదా, నాలుగు చోట్ల తిరిగి చూద్దాం రమ్మన్నాను. ఒక శుక్రవారం సెలవు పెట్టాను. మామ పొద్దున్నే బస్సు దిగాడు.

సెంటర్ భవనం గుండ్రంగా ఉంటుంది. మధ్యలో ఖాళీ, పైన ఆకాశం, చుట్టూ గదులు. మొత్తం 20,000 చదరపు అడుగులు. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. పగటి పూట దాదాపు అన్ని గదుల్లోనూ లైటు వేయకుండా పని చేసుకోవచ్చు. గోడలకు జాలీలు, అంటే చిల్లుల గోడలు. పైకప్పులో సగానికి పైగా గడ్డి, మొక్కలు. మిగతా దాని మీద దాదాపు 24 కిలోవాట్ల సోలార్ పలకలు. వాడిన నీళ్లు మొక్కల వేళ్ల మధ్య నుంచి పారి శుభ్రమై మళ్లీ తోటకే వెళ్తాయి.

అన్నిటికంటే నాకు నచ్చినవి రెండు గాలి బురుజులు. పైనుంచి గాలిని పట్టి, లోపల నీటి తుంపర్లతో చల్లబరిచి, ఆ తర్వాతే ఏసీకి అందిస్తాయి. బయటి గాలి అలా 7, 8 డిగ్రీలు దిగిపోతే ఏసీకి మిగిలే పని తక్కువ. 'గాలిగోపురం అంటే ఇదే అన్నట్టు' అని నవ్వాడు మామ. తర్వాత మధ్యలో నిలబడి ఆకాశం వైపు చూసి, 'ఇది మన భవంతి ఇల్లే గద అల్లుడా! మీ తాత కట్టించిందే. దీనికి ప్లాటినం ఇచ్చిన్రా?' అన్నాడు.

ఆ మాట కాస్త చేదుగానే తగిలింది. తెలంగాణలో భవంతి అన్నా, కోస్తాలో మండువా లోగిలి అన్నా పని ఒకటే: మధ్యలో తెరిచిన చోటు నుంచి వేడిగాలి పైకి పోతుంది, వెలుతురు లోపలికి వస్తుంది. దాన్ని మనం పాతకాలపు ఇల్లు అని కూలగొట్టుకుంటున్నాం.

నేను పనిచేసే టవర్ సంగతి చెప్తాను. నాలుగు వైపులా అద్దమే. మధ్యాహ్నం ఎండ మానిటర్ మీద పడుతుంది కాబట్టి పడమటి వైపు బ్లైండ్స్ ఎప్పుడూ దించే ఉంటాయి. బ్లైండ్స్ దించాం కాబట్టి లోపల లైట్లు. ఎండ అద్దంలోంచి వచ్చేసింది కాబట్టి ఏసీ. లాబీలో గ్రీన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది. మంచిదే, నీళ్లకూ కరెంటుకూ లెక్క పెట్టడం అక్కడి నుంచే మొదలైంది. కానీ ఫ్రేములో ఉన్న మార్కులు వేరు, నెల నెలా వచ్చే కరెంటు బిల్లు వేరు. నన్నడిగితే రెండోదే గోడకు తగిలించమంటాను.

అక్కణ్నుంచి జీడిమెట్ల. ఇది టూరిస్టు స్పాట్ అస్సలు కాదు. కూల్చిన ఇళ్ల శిథిలాలను మళ్లీ ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంటు 2020 నవంబరులో ఇక్కడ మొదలైంది. రోజుకు 500 టన్నుల సామర్థ్యం. తర్వాత నాగోలు వైపు ఫతుల్లాగూడలో ఇంకొకటి వచ్చింది. తెలిసినాయన ఒకరు ముందే అడిగిపెట్టడంతో లోపలికి వెళ్లగలిగాం. లారీలు తూకం వేయించుకుని కుప్ప పోస్తాయి. ఎవరి వంటగది టైల్సో, ఎవరి పిట్టగోడో, ఎవరి పూజగది గులాబీ రంగు గోడ ముక్కో, అన్నీ ఒకే కుప్ప. ఇనుము వేరు చేస్తారు, పలగ్గొడతారు, సైజుల వారీగా జల్లెడ పడతారు. ఒక పక్క ఇసుక, ఒక పక్క కంకర, ఇంకో పక్క ఫుట్‌పాత్ మీద పరిచే పేవర్ టైల్స్ దొంతరలు. ఇక్కడికి రాని మట్టి ఎక్కడికి పోతుందో హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు వేరే చెప్పాలా? రాత్రిపూట చెరువు గట్టుకు.

మామ గుప్పెడు కంకర తీసుకుని నలిపి చూశాడు. 'స్లాబుకు పనికొస్తదా?' అదీ ప్రశ్న. భారతీయ ప్రమాణం ఐఎస్ 383ను 2016లో సవరించినప్పుడు దీనికి జవాబు రాశారు. పాత కాంక్రీటు పగలగొట్టి తీసిన కంకరను ఎం25 గ్రేడు దాకా ఇనుము వేసిన కాంక్రీటులో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం వాడొచ్చు. బెడ్డు కింద వేసే పలచటి కాంక్రీటులో అయితే మొత్తం ఇదే వేసుకోవచ్చు. మామూలు ఇంటి స్లాబు ఎం20, ఎం25లోనే ఉంటుంది. మామకు నమ్మకం కుదిరింది గానీ ఇంకో సంగతి పట్టుకున్నాడు. 'మనూరి దుకాణంల ఇది దొరుకుతదా? రోబో సాండ్ వచ్చిన కొత్తల గూడ ఎవరూ ముట్టుకోలే. దుకాణంల దొరికినంక అందరూ అదే వాడుతున్నరు.' మా ఆఫీసులో ప్రొడక్ట్ మేనేజర్లు గంటసేపు స్లైడ్లతో చెప్పేది ఇదే.

శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద మా ముందు ఒక రెడీమిక్స్ లారీ, దాని ముందు సిమెంటు బస్తాల లారీ. సిద్దిపేట చేరేదాకా మాటలన్నీ సిమెంటు మీదే నడిచాయి. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు నుంచే వస్తుంది. బొగ్గు మానేసి సోలార్ పెట్టినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. సున్నపురాయిని 1,450 డిగ్రీల కొలిమిలో కాలిస్తే రాయిలో ఉన్న కార్బన్ డయాక్సైడే బయటికి వస్తుంది. సిమెంటు కాలుష్యంలో సగానికి పైగా ఆ రాయిదే. 'మరి వెనకటి డంగు సున్నం గూడ కాల్చిందే గద' అన్నాడు మామ. నిజమే. 1591 నాటి చార్మినార్ నిలబడింది సున్నం మీదే. కాకపోతే సున్నం గట్టిపడుతున్నప్పుడు గాలిలోంచి ఆ వాయువును చాలావరకు మళ్లీ పీల్చుకుంటుంది. పైగా అంతగా కాల్చక్కర్లేదు. కానీ సున్నంతో నాలుగంతస్తుల స్లాబులు పోయలేం.

మధ్యే మార్గాలు ఉన్నాయి. బస్తా మీద పీపీసీ అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం దాకా థర్మల్ కేంద్రాల బూడిదే. అంటే అంత మేరకు రాయి కాల్చలేదని అర్థం. కొత్తగా ఎల్‌సీ3 అనేది వస్తోంది. కాల్చిన బంకమట్టి, కాల్చని సున్నపురాయి పొడి కలిపి చేస్తారు. స్విట్జర్లాండ్ ప్రొఫెసర్ కారెన్ స్క్రివెనర్‌తో పాటు మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలూ దీని మీద పనిచేశాయి. కాలుష్యం 40 శాతం దాకా తగ్గుతుంది. 2023లో మన బీఐఎస్ ప్రమాణం కూడా ఇచ్చేసింది. మామ మాత్రం స్లాబుకు 53 గ్రేడే అంటాడు. ఎందుకంటే తొందరగా గట్టిపడుతుంది, సెంట్రింగ్ తొందరగా విప్పి ఇంకో ఇంటికి పంపొచ్చు. పీపీసీ నెమ్మది. నీళ్లు ఎక్కువ రోజులు పట్టాలి, చెక్కల కిరాయి ఎక్కువవుతుంది. పర్యావరణం గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నా కడకు లెక్క ఆ నాలుగు రోజుల సెంట్రింగ్ కిరాయి దగ్గర తేలాలి. అది నేను పెట్టుకుంటానన్నాను.

బూరుగుపల్లిలో చర్విత మెడోస్ అనే విల్లాల కాలనీ ఉంది. గేటెడ్ కమ్యూనిటీ, అడిగి వెళ్లాలి. అక్కడి గుడిని 3డి ప్రింటింగ్‌తో కట్టారు. అప్సుజా ఇన్‌ఫ్రాటెక్ కట్టించింది, హైదరాబాద్ కంపెనీ సింప్లిఫోర్జ్ క్రియేషన్స్ ప్రింట్ చేసింది. 2023లో పూర్తయింది. ఎత్తు 35.5 అడుగులు, విస్తీర్ణం 4,000 చదరపు అడుగులు. మూడు గర్భగుళ్లు. వినాయకుడికి మోదకం ఆకారం, శివుడికి చతురస్రం, పార్వతికి తామర పువ్వు. ప్రింటెడ్ గుళ్లలో ప్రపంచంలో ఇదే మొదటిదని కట్టినవాళ్లు చెప్తారు.

దూరం నుంచి బొమ్మలా ఉంది. దగ్గరికి వెళ్తే గోడ నిండా వేలెడు మందం వరసలు. రోబో చేయి ఒకటి చివర్న నాజిల్‌తో కాంక్రీటు మాలును వరస మీద వరస పోసుకుంటూ పోయింది. దాని దారి మొత్తం ముందే ఫైలులో ఉంటుంది. మామ చెప్పులు విడిచి ప్రదక్షిణ చేస్తూ అరచేత్తో వరసల్ని తడిమాడు. 'సకినం చుట్టినట్టే ఉన్నది.' ఇంతకంటే మంచి వివరణ నేను ఏ యూట్యూబ్ వీడియోలోనూ వినలేదు. మోదకం వంపు దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఆ వంపును సెంట్రింగ్ చెక్కలతో చేయాలంటే ఎన్ని రోజులు పడుతుందో ఆయనకు తెలుసు. ప్రింటింగ్‌కు ఆ చెక్కలే అక్కర్లేదు.

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. రాడ్లు ఎక్కడ? మామూలుగా ఇలాంటి గోడలు గుల్లగా వస్తాయి, ఆ గుల్లలో రాడ్లు దింపి కాంక్రీటు పోస్తారు. కరెంటు పైపు ఎట్లా? ఫైలులోనే చోటు వదలాలి. తర్వాత గుర్తొచ్చిందని గోడ తొలుస్తానంటే కుదరదు. మరి స్తంభాలు, స్లాబు? అవి ఇక్కడ కూడా మామూలుగా, మనుషులు కట్టినవే. మామ మొహంలో చిన్న వెలుగు.

ఒకటి మాత్రం చెప్పాలి. ప్రింటింగ్ అనగానే గ్రీన్ అనుకోకూడదు. నాజిల్‌లోంచి జారాలి కాబట్టి ఆ మాలులో పెద్ద కంకర ఉండదు, సిమెంటు పాళ్లు ఎక్కువ. చెక్కలు, వృథా, గోడ లోపలి మాలు తగ్గుతాయి. ఆ రెండూ కూడి తీసేస్తే ఏ భవనానికి ఆ భవనం లెక్క వేరు. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ కె.వి.ఎల్. సుబ్రమణ్యం బృందం ఇదే కంపెనీతో కలిసి ప్రింట్ చేసిన చిన్న నడక వంతెన కూడా ఈ కాలనీలోనే ఉంది. బలం ఎక్కడ కావాలో అక్కడే సరుకు పెట్టే పద్ధతి అది. నాకు గుడి కంటే అందులోనే భవిష్యత్తు ఎక్కువ కనిపించింది. బెంగళూరులో 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసును 2023లో 45 రోజుల్లోపే ప్రింట్ చేశారని చెప్తే, 'ఎంతమందితోని?' అని మాత్రం అడిగాడు మామ.

మామ జట్టులో ఒకప్పుడు పదిమంది. ఇప్పుడు నలుగురు, వాళ్లలో ఇద్దరు ఒడిశా వాళ్లు. మామ కొడుకు తాపీ పట్టలేదు. బీటెక్ చేసి నా రూములో ఉంటూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. 'మిషన్ వస్తే మా పని పోతదని భయం లేదా మామా?' అంటే, 'పనోళ్లే దొరకనప్పుడు పోయేదేముంది' అన్నాడు. కాసేపాగి, 'నాకైతే అయిపోయింది అల్లుడా. ఇరవై ఐదేండ్లోడు సుతారి పనిల ఉంటే వానికి ఆ ఫైలు పని ఎవరు నేర్పిస్తరు?' అన్నాడు. ఇన్ని లాంచ్ ప్రెస్‌మీట్లు చూశాను, ఈ ప్రశ్న అడిగిన విలేకరిని చూడలేదు.

సాయంత్రం ఊళ్లో టీ తాగుతూ లెక్కకు కూర్చున్నాం. ఫ్లయాష్ ఇటుక, పీపీసీ సిమెంటు, పడమటి వైపు చిన్న కిటికీలు ఖాయం. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి చేసింది. మాది అంతకంటే చిన్నదే, అయినా వేస్తున్నాం. పాత ఇంటి టేకు దూలాలు, దర్వాజలు దించి దాచాలి. మట్టి గోడలు కూల్చిన మట్టి కొత్త ఇంటి బేస్‌మెంట్ నింపడానికే పోతుంది, లారీ ఖర్చు ఉండదు. నాన్న యూట్యూబ్‌లో చూసిన అద్దాల ఎలివేషన్ మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

మధ్యలో ఆకాశం ఉండాల్సిందేనని అమ్మ పట్టు. ఆమెకు లీడ్ పాయింట్లు తెలియవు, వడియాలు ఎండాలంతే. మామ సిగరెట్ పెట్టె అట్ట మీద ఎనిమిదికి ఎనిమిది అడుగుల గడి గీశాడు. వాన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయేలా ఒక మూల వాలు పెట్టాడు. నాన్న ఒకే మాట అడిగాడు: 'కోతులు దిగితేనో?' మా ఊళ్లో భవంతులు మూతపడటానికి సగం కారణం అవే. మామ గడి మీద అడ్డంగా నిలువుగా గీతలు కొట్టి ఇనుప జాలి వేశాడు. దానికి ఎంతవుతుందో సోమవారం వెల్డింగ్ షాపులో అడగాలి.