తల్లి మాట్లాడినంత కాలం

అమెరికాలో వైకల్యమున్న పిల్లలను చేర్చుకోబోమని చెప్పే వీలు 1975 దాకా చాలా రాష్ట్రాల్లో బడులకు ఉండేది. ఆ ఏడాది వచ్చిన చట్టం, అలాంటి ప్రతి బిడ్డకూ తగిన చదువు ఉచితంగా చెప్పాల్సిందేనంది. 1990 నుంచి దాన్ని 'ఐడియా' అంటున్నారు. ఆ చట్టం ప్రకారం ఏ బిడ్డకు ఏ సాయం కావాలో రాసుకునే పత్రం 'ఐఈపీ'.

ఆ పత్రం కోసం కనీసం ఏడాదికోసారి టీచర్లు, తల్లిదండ్రులు కూర్చుంటారు. ఇంగ్లిష్ రాని తల్లికి విషయం అర్థమయ్యేలా దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. అయినా ఆ సాయానికి ఒప్పుకుంటూ పెట్టాల్సిన మొదటి సంతకం దగ్గర అక్కడి చాలా తెలుగు ఇళ్లలో చెయ్యి ఆగుతుంది. బిడ్డకు ముద్ర పడిపోతుందన్న భయం, పెద్దయితే అదే సర్దుకుంటుందన్న ఆశ. ఆ ఆలస్యానికి నష్టపోయేది బిడ్డే. డిస్లెక్సియాతో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివే పిల్లాడు పేరా సగానికి వచ్చేసరికి పక్కవాళ్లు పేజీ తిప్పేస్తారు. సంతకం పడితే రెండు గంటల పరీక్షకు మూడు గంటలు దొరకొచ్చు, పాఠం హెడ్‌ఫోన్‌లో వినిపించవచ్చు.

పదహారేళ్లు వచ్చేసరికి బడి తర్వాత ఏమిటన్నది కూడా ఐఈపీలో చేరాలి. ఆ సమావేశానికి విద్యార్థిని పిలిచి తీరాలి. అన్నిటికన్నా విలువైన నిబంధన ఇదే. పిల్లాడు వస్తాడు, కూర్చుంటాడు. ప్రశ్న అతన్ని అడిగితే జవాబు తల్లి చెబుతుంది. ప్రేమతోనే చెబుతుంది, కానీ తనకేం కావాలో నోరు తెరిచి అడిగే సాధన అక్కడే ఆగిపోతుంది.

తెలుగునేల మీద అలా అడగడం కోర్టుదాకా వెళ్లిన సందర్భమూ ఉంది. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదని పదో తరగతి తర్వాత సైన్సు ఇవ్వలేదు. ఆయన కోర్టుకెక్కి సీటు సాధించుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు.

మళ్లీ అమెరికా బడి సంగతికొస్తే, హైస్కూల్ డిప్లొమా చేతికొచ్చిన రోజుతో ఐఈపీ ముగుస్తుంది. వివక్ష చూపకూడదన్న చట్టాలు యూనివర్సిటీకీ వర్తిస్తాయి, కానీ సాయం కావాలన్న సంగతి విద్యార్థే చెప్పుకోవాలి. పాత ఐఈపీ ఒక్కటే చాలకపోవచ్చు. కొత్త పరీక్షల ఖర్చు ఇంటిమీదే పడవచ్చు. వైకల్య సేవల ఆఫీసు ఇచ్చే ఉత్తరంలో సాధారణంగా వైకల్యం పేరు ఉండదు, అదనపు సమయంలాంటి సదుపాయాలే ఉంటాయి. చాలాచోట్ల ఆ ఉత్తరం పట్టుకుని ప్రతి సెమిస్టర్‌లో ఒక్కో ప్రొఫెసర్ దగ్గరికీ విద్యార్థే వెళ్లి మాట్లాడాలి. అక్కడ పక్కన అమ్మ ఉండదు.