లక్ష్మి దగ్గు, పాప చేతి వాపు

మా జేజికి ఎడమ భుజం మీద శనగగింజంత మచ్చ ఒకటి ఉండేది. మదనపల్లెలో చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ అది. మన దేశంలో ఆ టీకా మొట్టమొదట వేసిన ఊళ్ళలో మదనపల్లె ఒకటి, 1948లో. పక్కనే ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచీ ఉంది. అందుకని మా వైపు వాళ్ళకి క్షయ అంటే ఎక్కడో విన్న జబ్బు కాదు. జేజి పెద్దన్న ఆ శానటోరియంలోనే పోయాడు.

పెళ్ళయి బెంగళూరు వచ్చాక కూడా జేజి ఆవు లేకుండా ఉండలేదు. మల్లేశ్వరంలో మా పాతింటి వెనక కొట్టం ఉండేది. అందులో లక్ష్మి అనే ఆవు ఒక ఏడు దగ్గడం మొదలుపెట్టింది, చిక్కిపోయింది. తాత ఏ డాక్టరుకీ చూపించలేదు. తెల్లవారుజామున సంతకు తోలుకుపోయి, కొన్నవాడికి దగ్గు సంగతి చెప్పకుండా అమ్మేసి వచ్చాడు. "జబ్బో కాదో తేల్చుకోకుండా తోలేస్తిరే" అని జేజి చివరిదాకా అంటూనే ఉండింది. ఆ మాట వస్తే తాత చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఇప్పుడీ పాత కథ ఎందుకంటే, పోయిన ఏడాది మేమూ అదే పని చేశాం, మా పాపకి.

చిన్నాయన మనవరాలు నర్సింగు చదువుకి విదేశం పోవాలని పరీక్షలు చేయించుకుంది. చేతికి వేసిన ట్యూబర్‌క్యులిన్ సూది దగ్గర వాచింది. "టీబీ పాజిటివ్" అన్నారు. ఆ సాయంత్రమే ఇంట్లో పాప తట్ట, లోటా వేరయ్యాయి. ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తులేదు, అందరం చేశాం. నాలుగో రోజు రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంది. "చిన్నప్పుడు వేసిన బీసీజీ వల్ల కూడా చెయ్యి వాస్తుంది. ఆ సూదికి టీకాకీ జబ్బుకీ తేడా తెలీదు" అన్నాడు డాక్టరు.

దేవనహళ్ళి పక్కన పది ఆవులు పెట్టుకున్న చిన్నాయన వెంటనే అడిగాడు: "మరి ఆవులకో?"

ఆవులదీ ఇదే చిక్కంట. మెడ దగ్గర చర్మంలో ట్యూబర్‌క్యులిన్ సూది వేసి, మూడు రోజుల తర్వాత చర్మం ఎంత మందమైందో కొలుస్తారు. ఆవుకి బీసీజీ వేస్తే మంచి ఆవు కూడా జబ్బు ఆవులాగే కనిపిస్తుంది. అందుకే చాలా దేశాలు ఆవులకు ఆ టీకా వేయనివ్వలేదు. తమాషా ఏమంటే, ఆ టీకా పుట్టిందే ఆవు సూక్ష్మజీవి నుంచి. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు దాన్ని 13 ఏళ్ళు 230 సార్లు మళ్ళీమళ్ళీ పెంచి బలహీనం చేశారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకి ఇచ్చారు.

అట్లా బలహీనమయ్యేటప్పుడు ఆ సూక్ష్మజీవి తన జన్యువుల్లో ఒక ముక్క పోగొట్టుకుంది. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రోటీన్లు ఆ ముక్కలోవే. అసలు జబ్బు సూక్ష్మజీవిలో అవి ఉంటాయి, టీకాలో ఉండవు. ఆ ప్రోటీన్లతో పరీక్షిస్తే టీకా వేసుకున్న ఒంట్లో కదలిక రాదు, జబ్బు తగిలిన ఒంట్లో వస్తుంది. మా పాప రక్తపరీక్ష పనిచేసింది ఈ లెక్క మీదే. ఈ రెండింటికి ఇంకొక ప్రోటీన్ చేర్చి ఆవుల చర్మపరీక్ష తయారుచేసి, 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఇథియోపియాలో బీసీజీ వేసిన పశువుల్లో వ్యాప్తి దాదాపు 89 శాతం తగ్గిందని 2024లో ఇంకొక అధ్యయనం వచ్చింది. జబ్బు ఆవుల్ని చంపేసి మందను శుభ్రం చేసుకునే పద్ధతి మన దేశంలో నడవదు. కాబట్టి టీకా, దాంతోపాటు తేడా చెప్పే పరీక్ష, రెండూ మనకే ఎక్కువ కావాలి.

చిన్నాయన ఆవులకు ఇంతవరకూ బీసీజీ వేయలేదు కాబట్టి పాత పరీక్షే చాలన్నాడు పశువుల డాక్టరు. పది ఆవుల్లో ఒక్కదానికి మెడ వాచింది. దాన్ని కొట్టానికి దూరంగా చింతచెట్టు కింద కట్టాడు. పాలు ఎవరికీ పోయడం లేదు. మళ్ళీ పరీక్ష చేయాలి. ఎవరో బేరానికి వస్తే చిన్నాయన సంగతి చెప్పేశాడు, వాళ్ళు వెళ్ళిపోయారు. "తాత చేసిన పని నేను చేయను" అన్నాడు, అంతే.

పాప వచ్చే నెల పోతోంది. తన తట్ట వేరు పెట్టినందుకు మేమందరం ఒకరి తర్వాత ఒకరు దానికి క్షమాపణ చెప్పుకున్నాం. లక్ష్మికి చెప్పుకునే దారి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. మీ ఇళ్ళలో ఆవులుంటే పరీక్ష చేయించండి, పాలు బాగా కాచి తాగండి, తేలేదాకా ఎవరినీ వాకిలి దాటించకండి.