చెరువు గట్టు మీది పాక

ఉండి నుండి ఆకివీడు మీదుగా కొల్లేటి వైపునకు పోవునప్పుడు, వరిచేలను మ్రింగి పెరిగిన చేపల చెరువుల గట్లపై టార్పాలిన్ పట్టా కప్పిన కాపలా పాక కంటబడినచో, నాకొక రోగి జ్ఞప్తికి వచ్చుచుండును. ఇరువది నాలుగేండ్ల వాడు, చెరువు కాపలాదారు. తల్లి వెంటబెట్టుకొని వచ్చెను. రెండు నెలల దగ్గు.

"పొగ తాగుతావా?" అని యడిగితిని.

"ఆయ్, సిగరెట్టేనండి, అప్పుడప్పుడు."

పొగ దగ్గని యెంచి మందు వ్రాసి పంపితిని. రెండు వారములు దాటిన దగ్గునకు కళ్లె పరీక్ష తప్పదని పదిమందికి బోధించిన వాడనే యట్లు చేసితిని.

నెల తిరిగి మరల వచ్చుసరికి చొక్కా వాని భుజములపై వ్రేలాడుచుండెను. తువాలు కొసను నెత్తుటి చార. ఈసారి పరీక్షింపగా కళ్లెలో క్షయ క్రిములు విస్తారముగా కనబడినవి. కొడుకు కంచమును, గ్లాసును అప్పుడే వేరుచేసితినని ఆ తల్లి నాకు ధైర్యము చెప్పినది! కంచమువలన క్షయ అంటదనియు, దగ్గుతో వెలువడి గాలిలో తేలియాడు సూక్ష్మ బిందువులను పీల్చుటవలననే అంటుననియు చెప్పి, ఇంటిలోని నలుగురి పేర్లు వ్రాసికొంటిని. ఆమె మందుల చీటితో బయటికి పోయిన పిమ్మట వాడు గొంతు తగ్గించి, "ఇంకో ముగ్గురున్నారండి, పాకలో" అనెను.

రాత్రి మేత సంచులను దిండ్లుగా చేసికొని నలుగురును గుండ్రముగా కూర్చుందురట. సిగరెట్టులోని పొగాకు రాల్చి గంజాయి కూరి, ఒకడు దమ్ము లాగి రెండవవాని కందించును; లాగిన పొగను ఊపిరి పట్టగలిగినంత సేపు రొమ్ములోనే నిలిపి, ఇక ఆపలేక తెరలు తెరలుగా దగ్గుదురు. నాలుగు వైపుల పట్టా దింపియే యుండును.

"దోమలకా?"

"దోమలకి కాదండి, వాసనకి. గట్టు మీద ఎవరన్నా పోతే పట్టేస్తారు కదండీ."

1985 నాటి మాదకద్రవ్య చట్టము వాడు చదివినవాడు కాడు. కాని ఆ భయమే పాకకు పట్టా దింపినది, నా యెదుట వాని నోటికి గడియ వేసినదియు నదియే. గంజాయి క్షయను పుట్టించునని నేననను. క్రిమి లేనిదే క్షయ లేదు. పొగ శ్వాసకోశముల రక్షణను సడలించుననుట నిజమే. అయినను నా దృష్టిలో అంతకు మించిన హాని ఆ మూసిన పట్టాది. అమెరికాలోని సియాటిల్ నగరమున 2004లో గంజాయి త్రాగు స్నేహితుల నడుమ క్షయ వ్యాపించినప్పుడును, అద్దములెత్తిన కారులో కూర్చుండి కలిసి త్రాగు అలవాటే బయటపడినది. కారైన నేమి, పాకైన నేమి?

ఒకప్పుడు మన రోగులను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము క్షయ శానిటోరియమునకు పంపుచుండిరి. ఇంట నుంచి మందులిచ్చినను శానిటోరియమునందువలెనే నయమగుననియు, ఇంటివారికి ముప్పు హెచ్చదనియు 1959-60లలో మద్రాసు పరిశోధన ఫలితములు నిరూపించినవి. కావున ఊరు విడువ నక్కరలేదని వానితో అంటిని. ఆరు నెలలు మందు తప్పరాదనియు, తొలి వారములలో వేరుగా, గాలి వచ్చుచోట పరుండవలెననియు చెప్పితిని. "నీ మిత్రుల గంజాయి సంగతి నేను వ్రాయను; మనుష్యులను పంపు" మంటిని.

పది దినములకు ముగ్గురును వచ్చిరి. ఒకని కళ్లెలో క్రిములుండెను. వానికి సారా అలవాటు కూడ నున్నందున, క్షయ మందులలో పెక్కు కాలేయమును బాధించునవి కనుక, ముందు రక్తపరీక్ష చేయించి గాని బిళ్లలు మొదలుపెట్టలేదు. గంజాయి మానితిరా యని యడుగగా ముగ్గురును నేల చూచిరి. నేనును రెట్టింపలేదు.

రెండవ నెల చివర మొదటివాడు బరువు చూపించుకొనుటకు వచ్చెను. నాలుగు కిలోలు పెరిగినాడు. మేత సంచులు కోయు కత్తితో పట్టాకు పడమటి వైపున చేటంత కిటికీ కోసితిమని చెప్పి, "దోమలు తినేస్తన్నాయండి, దానికేమన్నా మందుందా?" అని నన్నే నిలదీసెను.